జిడ్డు ఆట ఎక్కడ పోయింది?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 46. 1996 ప్రపంచకప్ నాటి నుంచి క్రికెట్ పిచ్చి. 2024లో న్యూజిలాండ్ వాళ్లు మన గడ్డ మీద 3-0తో ఊడ్చేసి పోతే ఏదో ఒక్కసారి అనుకుని సర్దుకున్నాను. ఇప్పుడు దక్షిణాఫ్రికా వచ్చి కోల్‌కతాలో, గువాహటిలో అదే పని చేసింది. 2025 నవంబరు 26న ఆఫీసుకు సెలవు పెట్టి మరీ టీవీ ముందు కూర్చున్నా. 408 పరుగుల తేడాతో ఓడారు. రిమోట్ గోడకేసి కొట్టాను. పక్కనే ఉన్న మా అబ్బాయి మీద కూడా అరిచాను, ‘నువ్వూ ఇలాగే తయారవుతావు’ అని. వాడికి 13 ఏళ్లు, కోచింగ్‌కు వెళ్తున్నాడు. వాట్సాప్ గ్రూపులో ఇరవై ఏళ్ల స్నేహితుడితో మాటా మాటా పెరిగి ఇప్పుడు పలకరింపుల్లేవు. ఇదంతా ఐపీఎల్ డబ్బు తెచ్చిన జబ్బేనా? ఎవరిని పీకేస్తే ఈ జట్టు బాగుపడుతుంది? లేక నేనే చూడడం మానేయాలా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు చెప్తాం. మానేయనక్కర్లేదు. చూసే తీరు మార్చుకుంటే చాలు. మీ ఉత్తరం పూర్తి పాఠంలో స్కోర్లున్నాయి, ఆటగాళ్ల పేర్లున్నాయి, అచ్చువేయలేని మాటలు నాలుగున్నాయి. బంతి ఎక్కడ పడింది, బ్యాటర్ కాలు ఎక్కడుంది అన్నది మాత్రం ఒక్కచోటా లేదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న మనిషికి ఈ రెండూ కనబడకపోవడానికి కారణం మీరు కాదు. టీవీ మనకు చూపించేదే ఫలితం. వికెట్ పడగానే బ్యాటర్ మొహం, ఆ తర్వాత ప్రకటన. మళ్లీ చూపించేటప్పుడైనా కెమెరా బంతి మీద ఉంటుంది, కాలి మీద ఉండదు.

అంతకంటే ముందు ఇంట్లో పని ఒకటుంది. అబ్బాయికి ఈ రోజే సారీ చెప్పండి. ‘నాకు కోపం వచ్చింది జట్టు మీద, అరిచింది నీ మీద, అది తప్పు’ అంటే చాలు, అంతకు మించి ఉపన్యాసం వద్దు. కోచింగ్‌కు వెళ్లే పిల్లాడికి ‘నువ్వూ ఇలాగే తయారవుతావు’ అన్న మాట నెట్స్ దాకా వెంట వస్తుంది. ఔటవుతానేమోనన్న భయంతో ఆడే పిల్లాడి చేతులు బిగుసుకుపోతాయి. బ్యాట్‌ను గట్టిగా బిగించి పట్టుకున్నవాడు డిఫెన్స్ ఆడితే బంతి కాళ్ల దగ్గర పడిపోదు, బ్యాటర్‌కు అతి దగ్గరగా నిలబడే సిల్లీ పాయింట్ ఫీల్డర్ చేతుల్లోకి ఎగురుతుంది. మీరు అరిచిన అరుపు నేరుగా వాడి డిఫెన్స్‌ను దెబ్బతీస్తుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇక ఒక నోటుబుక్కు కొనండి. టెస్టు చూసేటప్పుడు మన వికెట్ పడ్డ ప్రతిసారీ అయిదు విషయాలు రాయండి. బౌలర్ ఎవరు, ఏ చెయ్యి, వికెట్‌కు ఏ పక్క నుంచి వేశాడు. బంతి వయసు ఎన్ని ఓవర్లు. బంతి ఎక్కడ పడింది. బ్యాటర్ కాలు ముందుకు వెళ్లిందా, వెనక్కి వెళ్లిందా, క్రీజులోనే ఉండిపోయిందా. చివరి గడిలో ఒకే అక్షరం: బౌలర్ గొప్పతనమైతే ‘బ’, పిచ్ చేసిన పనైతే ‘పి’, బ్యాటర్ స్వయంకృతమైతే ‘స్వ’. రోజంతా చూసే తీరిక లేకపోతే హైలైట్స్‌తోనూ ఈ పని అయిపోతుంది, ఇన్నింగ్స్‌కు పది నిమిషాలు. ఒక నియమం పెట్టుకోండి: గడులు నిండాకే ఫోను ముట్టాలి. మొదట్లో ప్రతిదానికీ ‘స్వ’ అనే రాస్తారు, అందరూ అంతే. రెండో రోజు ప్రశాంతంగా మళ్లీ చూసి దిద్దండి, సగం మారిపోతాయి.

గువాహటి మొదటి ఇన్నింగ్స్‌తోనే మొదలుపెట్టి చూద్దాం. 95 పరుగులకు ఒక వికెట్ నుంచి 122కి ఏడు వికెట్లకు పడిపోయాం. 27 పరుగుల్లో ఆరు. పేపర్లు షరా మామూలుగా పేకమేడ అని రాశాయి. గడుల్లో రాస్తే వేరే బొమ్మ వస్తుంది. ఆరింటిలో రెండు ఆఫ్ స్పిన్నర్ హార్మర్‌వి: జైస్వాల్, సుదర్శన్. మిగతా నాలుగు యాన్సెన్‌వి. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎడంచేతి పేసర్. జురెల్ షార్ట్ బంతిని పుల్ చేయబోయి దొరికిపోయాడు. పంత్ క్రీజు వదిలి ముందుకు దూకి కీపర్‌కు క్యాచ్ ఇచ్చాడు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, ఆ వెంటనే జడేజా ఎగిసొచ్చిన బంతులకు మార్‌క్రమ్ చేతుల్లో పడ్డారు. స్పిన్ పిచ్ అని మనం గుండెలు బాదుకుంటుంటే నాలుగు వికెట్లు బౌన్సర్లకూ తొందరపాటుకూ పోయాయన్నమాట. జురెల్, పంత్ పేర్ల ఎదురుగా ‘స్వ’ రాయండి, అభ్యంతరం లేదు. నితీశ్ దగ్గర మాత్రం ‘బ’ వేయాలి. ఆ క్యాచ్ మళ్లీ చూడండి, మార్‌క్రమ్ గాల్లో అడ్డంగా సాగి ఒంటిచేత్తో పట్టాడు. ఆ టెస్టులో అతను పట్టిన క్యాచ్‌లు తొమ్మిది. కీపర్ కాని ఫీల్డర్ ఎవరూ ఒక టెస్టులో అన్ని పట్టలేదు.

అదే పిచ్ మీద ఆ తర్వాత ఏం జరిగిందో చాలామంది చూడలేదు, అప్పటికే టీవీలు కట్టేశారు. కుల్‌దీప్ యాదవ్ 134 బంతులు ఆడాడు. చేసింది 19 పరుగులే. అవతలి కొసన వాషింగ్టన్ సుందర్ 48. ఇద్దరూ కలిసి దాదాపు 35 ఓవర్లు నిలబడ్డారు. బౌలర్‌గా జట్టులో ఉన్న మనిషి చేసిన పని చాలా చిన్నది: ముందుకు వచ్చేదానికి పూర్తిగా ముందుకు, పొట్టిదానికి పూర్తిగా వెనక్కి, చేతులు మెత్తగా, తల బంతి మీద. పైకి ఎగిరిన బంతిని వదిలేశాడు. తెలుగు కామెంటరీలో జిడ్డు బ్యాటింగ్ అంటారే, అది. ఆ మాటలో కొంచెం వెటకారం ఉంటుంది. వెటకారానికి అలవాటుపడే మనం ఆ విద్యను పోగొట్టుకున్నాం.

ఇది తెలుగువాళ్లకు కొత్త విద్యేం కాదు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో హనుమ విహారి 161 బంతులు ఆడి 23 నాటౌట్‌గా నిలిచాడు, అశ్విన్ తోడుగా టెస్టు డ్రా చేశాడు. కాకినాడ కుర్రాడు. ఆ స్కోరు ఏ పోస్టరు మీదా ఉండదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఐపీఎల్. సగం నిజం. ఐపీఎల్‌లో ముందు కాలును పక్కకు తీసి బ్యాట్‌కు దారి ఇవ్వడం, చేతులు గట్టిగా ఆడించడం లాభసాటి. టెస్టులో ఆ రెండూ మెడకు ఉరి. కానీ యాన్సెన్, మార్‌క్రమ్, స్టబ్స్ కూడా ఐపీఎల్ ఆడేవాళ్లే. న్యూజిలాండ్ రచిన్ రవీంద్ర 2024, 2025లలో చెన్నై జట్టుకు ఆడినవాడు. డబ్బే జబ్బయితే వాళ్లకూ అంటాలి. తేడా తయారీలో ఉంది. రచిన్ 2024 సిరీస్‌కు ముందే చెన్నైకి వచ్చి ఎర్రమట్టి పిచ్‌ల మీద, నల్లమట్టి పిచ్‌ల మీద విడివిడిగా సాధన చేసుకున్నాడు. అంతకంటే వెనక్కి వెళ్తే, చిన్నప్పుడు న్యూజిలాండ్‌లోని హట్ హాక్స్ క్లబ్బుతో కలిసి మన అనంతపురం ఆర్డీటీ మైదానానికి వచ్చి ఆడి వెళ్లినవాడు. ఆ సిరీస్‌లో బెంగళూరులో అతను చేసిన 134 వెనుక అనంతపురం మట్టి కూడా కాస్త ఉంది, ఒప్పుకోక తప్పదు.

మనవాళ్ల తయారీ చూడండి. ఆస్ట్రేలియాలో చివరి టీ20 నవంబరు 8న బ్రిస్బేన్‌లో. కోల్‌కతా టెస్టు 14న. మధ్యలో అయిదు రోజులు, అందులో ప్రయాణం, అలసట. కెప్టెన్ గిల్, బుమ్రా, అక్షర్, సుందర్ అటు నుంచి ఇటు వచ్చినవాళ్లే. తెల్లబంతికి అలవాటైన చేతులు ఎర్రబంతికి మారడానికి ఒక నాలుగురోజుల మ్యాచ్ అయినా కావాలి. నెట్స్‌లో ఆరుసార్లు ఔటైనా మళ్లీ బ్యాట్ పట్టుకోవచ్చు కాబట్టి అక్కడ ఓపిక నేర్చుకోవడం కుదరదు.

రెండో కారణం పిచ్. దీన్ని కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మీ కోపంలో పిచ్ వాటా సున్నా. కోల్‌కతాలో నాలుగు ఇన్నింగ్స్ స్కోర్లు ఇవీ: 159, 189, 153, 93. చివర్లో మనకు కావలసింది 124, చేసింది 93. మూడు రోజుల్లో అయిపోయింది. మొత్తం మ్యాచ్‌లో అర్ధసెంచరీ ఒక్కటే, దక్షిణాఫ్రికా కెప్టెన్ బవుమాది, 55 నాటౌట్. మనం నలుగురు స్పిన్నర్లతో దిగాం. ఓడాక కోచ్ గంభీరే చెప్పాడు, మేం అడిగిన పిచ్ ఇదేనని.

మొదటి రోజు నుంచే గింగిరాలు తిరిగే పిచ్ మన స్పిన్నర్లకు మేలు అన్నది మనందరి నమ్మకం. జరిగేది తిరకాసు. మామూలు పిచ్ మీద వికెట్ తీయాలంటే స్పిన్నర్‌కు గాల్లో బంతిని వేలాడదీయడం, వేగం మార్చడం, ఇరవై ఓవర్లు ఒకేచోట వేయగల నిలకడ కావాలి. అందులో మనవాళ్లకు సాటి లేదు. పొడిబారి పెచ్చులు లేచే పిచ్ మీద ఆ విద్యలేవీ అక్కర్లేదు. ఒకేచోట పడ్డ రెండు బంతుల్లో ఒకటి జానెడు తిరుగుతుంది, ఇంకోటి సూటిగా పోతుంది. ఏది ఎటు పోతుందో వేసినవాడికే తెలియదు, ఇక ఆడేవాడికేం తెలుస్తుంది? తిరుగుతుందని బ్యాట్ పెడితే సూటిగా వచ్చి ప్యాడ్‌కు తగులుతుంది, వికెట్‌కు కాలు అడ్డుపడిందని ఎల్బీ ఔట్. అంటే గొప్ప స్పిన్నర్‌కూ మామూలు స్పిన్నర్‌కూ మధ్య ఉన్న తేడాను ఆ పిచ్ చెరిపేస్తుంది. మన బలాన్ని మనమే చెరుపుకుంటాం. పుణె సాక్ష్యం. 2024 అక్టోబరు దాకా టెస్టుల్లో ఒక్కసారి కూడా ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీయని న్యూజిలాండ్ స్పిన్నర్ శాంట్నర్ అక్కడ ఒకే మ్యాచ్‌లో 13 తీశాడు. ముంబైలో 147 కొట్టాల్సిన చోట 121కి ఆలౌటయ్యాం, అజాజ్ పటేల్‌కు 11 వికెట్లు. దానికి నెల ముందే చెన్నైలో ఎర్రమట్టి మీద, మంచి బౌన్స్ ఉన్న పిచ్ మీద బంగ్లాదేశ్‌ను 280 పరుగులతో ఓడించాం. అశ్విన్ ఒక్కడే సెంచరీ కొట్టి, రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు.

కాబట్టి వచ్చే సిరీస్‌లో టాస్ వేయకముందు పిచ్ రిపోర్టు మాత్రం తప్పక చూడండి. రంగు ఎరుపా నలుపా, గడ్డి ఎంత, ఎడంచేతి బ్యాటర్ ఆఫ్ స్టంప్ బయట నీళ్లు పట్టకుండా వదిలేసిన పొడి మచ్చలున్నాయా అన్నవి గమనిస్తే మొదటి రోజు సాయంత్రానికి ఏం జరగబోతోందో సగం తెలిసిపోతుంది. ముందే తెలిసిన దెబ్బ రిమోట్ దాకా రాదు.

మూడోది డీఆర్ఎస్, అంటే అంపైర్ నిర్ణయాన్ని కెమెరాలు, కంప్యూటర్ సాయంతో మళ్లీ చూసే పద్ధతి. దీని గురించి మీ వాట్సాప్ గ్రూపులో ఎవరూ మాట్లాడి ఉండరు. పాత రోజుల్లో స్పిన్నర్‌ను ఎదుర్కోవడానికి ఎడమ కాలు బాగా ముందుకు చాచి, బ్యాట్‌ను ప్యాడ్ వెనక దాచేసేవాళ్లు. అంత ముందుకొచ్చిన కాలికి తగిలితే అంపైర్లు ఔటిచ్చేవాళ్లు కాదు. బంతి ఎక్కడికి వెళ్తుందో కంప్యూటర్ గీసి చూపించడం మొదలయ్యాక ఆ ఆసరా పోయింది. మన బోర్డు ద్వైపాక్షిక సిరీస్‌లలో డీఆర్ఎస్‌ను ఒప్పుకున్నది 2016 చివర్లో, ఇంగ్లండ్ వచ్చినప్పుడు. ఇప్పుడు బ్యాట్ తప్పనిసరిగా ప్యాడ్ ముందు ఉండాలి. ముందున్న బ్యాట్‌కు తగిలిన బంతి దగ్గరి ఫీల్డర్ల వైపు ఎగురుతుంది, అందుకే చేతులు మెత్తబడాలి. ప్యాడ్‌తో ఆడే తరం వెళ్లిపోయింది, మెత్తటి చేతుల తరం ఇంకా తయారు కాలేదు. మధ్యలో ఇరుక్కున్నవాళ్లనే మీరు టీవీలో చూస్తున్నారు.

ఎవరిని పీకేయాలి అన్నారు. 2024-25లో మెల్‌బోర్న్, సిడ్నీ ఓటముల తర్వాత కూడా అందరూ అదే అడిగారు. ఆ ఆస్ట్రేలియా సిరీస్‌లో రోహిత్ శర్మ అయిదు ఇన్నింగ్స్‌లో 31 పరుగులు చేశాడు. కోహ్లి తొమ్మిది ఇన్నింగ్స్‌లో 190, అందులో పెర్త్ సెంచరీ తీసేస్తే మిగిలింది 90. ప్రశ్న న్యాయమైనదే. 2025 మే నెలలో వారం తిరక్కుండా ఇద్దరూ టెస్టులకు సెలవు చెప్పారు, అంతకు ముందు డిసెంబరులోనే అశ్విన్ వెళ్లిపోయాడు. మనం అడిగింది జరిగింది. ఆరు నెలలకు గువాహటి వచ్చింది.

పీకడం కంటే నిలపడం కష్టం. బ్యాటింగ్‌లో మూడో నంబరు స్థానం చూడండి. ద్రావిడ్, ఆ తర్వాత పుజారా కలిసి పాతికేళ్లకు కొంచెం తక్కువగా ఆ కుర్చీని కాపాడారు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లోనే అక్కడ సుదర్శన్, కరుణ్ నాయర్ మారుతూ వచ్చారు. కోల్‌కతాలో సుందర్‌ను పంపారు, గువాహటిలో మళ్లీ సుదర్శన్. ఆ గువాహటిలోనే రెండో ఇన్నింగ్స్‌లో, చివరి రోజు దాకా నిలిచి సుదర్శన్ 139 బంతులు ఆడి 14 చేశాడు. లక్ష్యం 549, గెలిచే మాట లేదు, కనీసం నిలబడాలని ప్రయత్నించాడు. మీరు రిమోట్ విసిరింది బహుశా ఆ పూటే. అతని పేరు ఎదురుగా మాత్రం ‘స్వ’ రాయకండి. ఇలాంటివాడికి పది టెస్టులు వరసగా ఇస్తే తప్ప పనికొస్తాడో రాడో తేలదు. అభిమానులుగా మనం కూడా ఆ పది టెస్టులు నోరు కట్టుకోవాలి, కష్టమే.

కొత్తవాణ్ని తేవాలి అనేటప్పుడు రంజీ స్కోర్లు చదవడం కూడా నేర్చుకోవాలి. 2024 జనవరిలో హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ 366 కొట్టాడు, 26 సిక్సర్లు. చదివి ఎగిరి గంతేస్తాం. ఎదురుగా ఉన్నది అరుణాచల్ ప్రదేశ్, అది ప్లేట్ విభాగం మ్యాచ్, అంటే బలహీన జట్లు ఆడే కింది విభాగం. అదే సీజన్‌లో ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్ పై విభాగమైన ఎలీట్‌లో 902 పరుగులతో దేశంలోనే అగ్రస్థానంలో నిలిచాడు. రెండో లెక్క బరువైనది. పరుగుల పక్కన మూడు చూడండి: ఏ విభాగం, ఎన్ని బంతులు ఆడాడు, మొదటి ఇన్నింగ్స్‌లోనా రెండోదాంట్లోనా. మ్యాచ్ తేలిపోయాక కొట్టిన సెంచరీకి విలువ తక్కువ.

వరసగా ఓడిన జట్టు ఎలా లేస్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. 2025 అక్టోబరులో మన మహిళల జట్టు ప్రపంచకప్‌లో వరసగా మూడు మ్యాచ్‌లు ఓడింది. అందులో రెండు విశాఖలోనే, దక్షిణాఫ్రికా చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో. ఆస్ట్రేలియా మీద 330 కొట్టి కూడా కాపాడుకోలేకపోయారు. కారణం వెతికితే దొరికింది: అయిదుగురు బౌలర్లతోనే ఆడుతున్నారు, ఒకరు దెబ్బతింటే ఓవర్లు వేసేవాళ్లు లేరు. ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద బ్యాటర్ జెమీమాను పక్కనపెట్టి ఆరో బౌలర్‌ను తెచ్చారు. నాలుగు పరుగులతో ఓడారు. తర్వాతి మ్యాచ్‌లో జెమీమాను తిరిగి తెచ్చి మూడో నంబరులో పంపారు. సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 339 ఛేదనలో ఆమే 127 నాటౌట్. నవంబరు 2న కప్పు. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసింది. అక్కడ తిట్లకు బదులు ఒక లోటును గుర్తుపట్టి, దాన్ని పూడ్చి, చేసిన పొరపాటును వారంలోపే దిద్దుకున్నారు. పురుషుల టెస్టు జట్టు నుంచి మనం అడగాల్సింది కూడా ఇదే: మూడో నంబరు ఎవరిది, పిచ్ ఎవరడిగారు, సిరీస్‌కు ముందు ఎర్రబంతి మ్యాచ్ ఎందుకు లేదు.

లెక్క ఇష్టమైతే ఇదీ చూడండి. గువాహటి తర్వాత టెస్టు చాంపియన్‌షిప్‌లో మనకు తొమ్మిది టెస్టుల్లో 52 పాయింట్లు, అంటే 108కి 48.15 శాతం. గెలుపుకు 12, డ్రాకు 4. అప్పటికి ఇంకా తొమ్మిది టెస్టులు మిగిలాయి. ఆరు గెలిచి మూడు ఓడితే 57.4 శాతం, ఏడు గెలిస్తే 63. పోయిన విడతలో ఫైనల్ చేరిన రెండు జట్లూ 67 దాటాయి. అంటే ఇక తప్పులకు చోటు దాదాపు లేదు. ఆశ పెట్టుకోవచ్చు, మొక్కులు మొక్కే స్థితి మాత్రం కాదు.

వాట్సాప్ సంగతి. స్నేహితుడికి మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి. ఓటమి గురించి ఎత్తకుండా, ‘పంత్ ఔటైన బంతి ఎక్కడ పడిందిరా?’ అని అడగండి. వాదన ఆటగాడి కులం, జీతం, భార్య దాకా పోకుండా బంతి దగ్గరే ఆగుతుంది. 2021లో పాకిస్థాన్ చేతిలో ఓడిన రాత్రి షమీని, 2022లో ఒక క్యాచ్ జారవిడిచినందుకు అర్ష్‌దీప్‌ను జనం ఎంత నీచంగా తిట్టారో గుర్తుందిగా. 2025 జులైలో లార్డ్స్‌లో మన సిరాజ్ 30 బంతులు కాచుకున్నాడు. చివరి బంతిని బ్యాట్ మధ్యతో ఆపాడు కూడా, అది నేల మీద పడి వెనక్కి దొర్లి లెగ్ స్టంప్‌ను తాకింది. మెల్లగా, ఒక్క బెయిల్ పడేంత. నిబంధన ప్రకారం దాన్ని కాలితో పక్కకు తన్నేయొచ్చు, కానీ బంతి ఎటు పోయిందో అతను చూసుకోలేదు. 22 పరుగులతో ఓడిపోయాం. సరిగ్గా మూడు వారాలకు ఓవల్‌లో అతనే అయిదు వికెట్లు తీసి ఆరు పరుగులతో గెలిపించాడు. లార్డ్స్ రోజున తిట్టినవాళ్లు ఆ మెసేజ్‌లు తీసేసుకునేలోపే.

ఇంకొక్క మాట, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాం. మ్యాచ్ మీద డబ్బేమైనా పెడుతున్నారా? పందెం కాసినవాడి కోపం వేరుగా ఉంటుంది, దానికి నోటుబుక్కు పనిచేయదు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. చాటుగా ఇంకా నడిచే యాప్‌లలో డబ్బు పోతే అడిగే దిక్కుండదు. డబ్బు లేకపోయినా, మ్యాచ్ చూస్తుంటే గుండె దడ, చెమటలు, రాత్రి నిద్ర పట్టకపోవడం ఉంటే ఒకసారి బీపీ చూపించుకోండి. 46 ఏళ్లకు అది ఎటూ చూపించుకోవాల్సిందే.

చివరగా అబ్బాయితో చేయాల్సిన పని. మేడ మీదో వీధిలోనో స్టంప్స్ పెట్టి, వాటి నుంచి 3 మీటర్ల దగ్గర ఒకటి, 5 మీటర్ల దగ్గర ఒకటి సుద్దగీతలు గీయండి. మీరు 11 మీటర్ల దూరం నుంచి టెన్నిస్ బంతిని కింద చేత్తో తిప్పి వేయండి. 3 మీటర్ల గీతకు లోపల పడితే వాడు కాలు చాచి బంతి పడ్డచోటే చంపేయాలి. 5 మీటర్లకు అవతల పడితే పూర్తిగా వెనక్కి, స్టంప్స్ దగ్గరకు జరిగి, తిరిగాక ఆడాలి. రెండు గీతల మధ్య పడేవే వికెట్లు తీసే బంతులు. అక్కడ ముందుకో వెనక్కో ఏదో ఒకటి పూర్తిగా చేయాలి, సగం కాలు వేస్తే ఔట్ అని పిలవండి. పరుగుల లెక్క వద్దు. 24 బంతులు, ఎన్నిసార్లు బంతి వాడి కాళ్ల దగ్గరే చచ్చిందో అంతే లెక్క. మొదటి రోజు పది దాటకపోయినా కంగారు పడకండి, నెలకు పద్దెనిమిదికి వస్తే మంచి ఎదుగుదల. బంతి గాల్లోకి లేస్తోందంటే కిందిచెయ్యి బిగుస్తోందని అర్థం. ఆ చేత్తో బ్యాట్‌ను రెండు వేళ్లతోనే పట్టుకుని ఆరు బంతులు ఆడమనండి, దారిలో పడుతుంది. తర్వాత మీరు బ్యాట్ పట్టుకోండి, వాణ్ని వేయమనండి. ఆరు బంతుల్లో ఎన్ని ఆగుతాయో చూశాక సుదర్శన్ మీద అభిప్రాయం కొంచెం మారొచ్చు.

బోర్డు వెబ్‌సైట్‌లో దేశవాళీ షెడ్యూలు చూసి, ఆంధ్ర రంజీ మ్యాచ్ విశాఖలోనో విజయనగరంలోనో ఉన్నప్పుడు ఒక్క రోజైనా వెళ్లి రండి. చాలాచోట్ల టికెట్ ఉండదు. పక్కనుంచి కూర్చుంటే ఏమీ తెలియదు, బౌలర్ వెనకవైపు, సైట్‌స్క్రీన్ అనే పెద్ద తెరకు కాస్త పక్కగా చోటు చూసుకోండి. టోపీ, నీళ్లు, పులిహోర డబ్బా, నోటుబుక్కు. బంతి ఎక్కడ పడిందో మీరు చెప్పండి, కాలు ఎక్కడుందో వాణ్ని చెప్పమనండి.